ఓడ వచ్చిన రోజే అక్క పుట్టినరోజు

పోయిన వానాకాలం మొదట్లో, మిడిల్ పాయింట్‌లో మా ఇంటి మేడమీద ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని హడావుడిగా మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. బాంబూఫ్లాట్ నుంచి మా అక్క కూతురు. అది ఎప్పుడు ఫోన్ చేసినా ముందు నా మోకాళ్ల నొప్పుల సంగతి అడిగి, ఆ తరవాతే అసలు విషయానికి వస్తుంది. ఆ రోజు మోకాళ్ల ఊసే లేదు. "పిన్నీ, జాగా దరఖాస్తు కాగజ్ వాపస్ వచ్చేసింది. ఆ ఆఫీసు బాబు ఏమంటున్నాడో తెలుసా, దో బహెన్ మే పాంచ్ మహీనే కా ఫరక్, అయిదు నెలల తేడాలో ఇద్దరు ఒకే తల్లికి ఎలా పుడతారు అంటున్నాడు. మీ ఇద్దరిలో ఒకళ్లు సొంత కూతురు కాదంట!" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నేను పకపకా నవ్వాను. అది నవ్వలేదు. నేను మేడమీదికి వెళ్లేసరికి బట్టలు తడిసి ముద్దయిపోయాయి.

సంగతి మొదటినుంచి చెప్పాలి. బాంబూఫ్లాట్‌లో సముద్రపు ఒడ్డున మా అయ్యకి ఎప్పుడో సర్కారువారు ఇచ్చిన ఇంటి జాగా ఒకటుంది. రేకుల ఇల్లు, వెనకాల వల ఆరబెట్టుకునేంత ఖాళీ స్థలం. అయ్య పోయాక అమ్మ, అమ్మ పోయాక అక్క అందులోనే ఉంటూ వచ్చారు. నేను ఉద్యోగం పేరు చెప్పి ఇవతలి ఒడ్డుకి వచ్చేశాను గాని, అక్క పెళ్లయినా ఆ గడప వదల్లేదు. బావే మా ఇంటికి వచ్చి అయ్య పడవ ఎక్కాడు. ఆయనా పోయి చాలా కాలమైంది. జాగా మాత్రం ఇంకా అయ్య పేరునే ఉంది, మార్పించాలని ఎవరికి తోచింది గనక! ఇప్పుడు ఆ వరస ఇళ్లన్నింటికీ మళ్లీ కొలతలు వేసి, పాత పేర్లు తీసి వారసుల పేర్లు ఎక్కిస్తామన్నారు. వారసులు తేలని ఇల్లయితే సర్కారు జాగాలో ఊరికే కాపురం ఉంటున్నట్టు లెక్క, ఖాళీ చేయాల్సిందే. అందుకని అక్కా నేనూ ఇద్దరం కూతుళ్లమని దరఖాస్తు పెట్టుకున్నాం. అక్కడే మా ఇద్దరి పుట్టిన తేదీలూ జీవితంలో మొదటిసారి ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి పడ్డాయి.

ఇది చదివేవాళ్లలో నా ఈడువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మనలో సగంమంది జూలై ఒకటో తారీఖున పుట్టినవాళ్లే కదా. నేను పనిచేసిన బడిలో ఒకేసారి నలుగురు రిటైరయ్యారు, నలుగురికీ ఒకే రోజున దండలు వేసి ఒకే గదిలో ఉపన్యాసాలిచ్చారు; కొత్తగా వచ్చిన కుర్ర టీచరు ఇదేమి వింతండీ, వీళ్లంతా ఒకే రోజున ఎలా పుట్టారండీ అని ఆశ్చర్యపోయింది. పుట్టలేదమ్మా, బడి తెరిచే రోజులకి సరిపడేలా పంతుళ్లు పుట్టించారు అన్నాను. బడిలో చేర్చడానికి తీసుకొచ్చిన తండ్రి చెప్పలేడు, తల్లి చెప్పినా అది పంతులుకి పనికొచ్చే తీరుగా ఉండదు, పిల్లవాడి చెయ్యి తలమీదుగా చాపి అవతలి చెవి అందిందో లేదో చూసి, అందితే అయిదేళ్లు నిండినట్టు రాసేసుకునేవారు.

తల్లులకి తెలియదని కాదు. ఎంతో తెలుసు, మన తేదీలే వాళ్లకి తెలియవు. మా పేటలో ఎవరి పుట్టుకైనా దేనితోనో ఒకదానితో ముడిపెట్టి చెప్పేవారు. ఫలానావాడు కొత్త తెప్ప దించిన నాడు పుట్టాడు, ఫలానాది గంగమ్మ పండగకి ముందు వచ్చిన ఉప్పెనలో పుట్టింది, ఆ పిల్ల అమావాస్య పోటు ఇంట్లోకి వచ్చిన రాత్రి పుట్టింది, అందుకే దానికి నీళ్లంటే భయం, ఇలా సాగేది. ఈ దీవుల్లో ముందునుంచీ ఉన్నవాళ్లయితే యుద్ధంలో జపాన్‌వాళ్లు రాకముందా, వెళ్లాకా అని రెండు ముక్కల్లో తేల్చేసేవారు. సర్కారువారు లెక్కలన్నీ సరిదిద్ది దేశమంతటికీ ఒకే కొత్త పంచాంగం పెట్టారని, వార్తలకి ముందు రేడియోలో ఆ తేదీ కూడా చదువుతారని మా హెడ్మాస్టరుగారు చెప్పేవారట. మా అమ్మ ఆ తేదీ వినగానే, మరి ఇది ఏ తిథి అని అడిగేదట. ఏకాదశా, ద్వాదశా తెలియకపోతే పోటు ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుందని ఆవిడ బాధ.

ఇంట్లో నాకు దీపావళి అమావాస్య నాడు తలంటు పోసేది అమ్మ. అక్కకి కార్తీక పున్నమి నాడు. అంటే ప్రతి ఏడూ నా పండగ ముందు వచ్చి, పక్షం గడిచాక అక్క పండగ వచ్చేది. నేనే పెద్దదాన్నని అక్కని ఏడిపించేదాన్ని. అసలైతే అక్క నాకంటే మూడేళ్లు, ఇంకా ఎక్కువే పెద్దది. అది శ్రీకాకుళం వైపు మా ఊళ్లో, సముద్రం ఒడ్డున అమ్మమ్మ ఇంట్లో పుట్టింది. నేను ఇక్కడ పుట్టాను. మా ఇద్దరి మధ్య ఒక ఓడ ఉంది.

ఆ ఓడ సంగతే చెప్పాలి. అక్కడ వేట సాగక, ఈ దీవుల్లో చేప దండిగా దొరుకుతుందని ఎవరో చెబితే అయ్య బయల్దేరాడు. వైశాఖం చివర్లో, వానలు దిగకముందు, విశాఖపట్నంలో ఓడెక్కారు. అమ్మ కడుపులో నేనున్నాను, నాలుగో నెల కూడా నిండలేదు. అక్క నడిచే పిల్ల. ఓడ కదిలింది మొదలు అమ్మ వాంతులతో కిందపడి లేవలేదట. ఓడ చాతం జెట్టీకి చేరేదాకా తను బతికుందో చచ్చిందో తనకే తెలియదని చెప్పేది. ఈ దీవుల్లో అప్పట్లో ఒక అలవాటుండేది, మీకు చిత్రంగా అనిపించొచ్చు. ఎవరైనా కొత్తగా కనబడితే మీది ఏ ఊరు అని గాక, ఏ ఓడలో వచ్చారు అని అడిగేవారు. ఒకే ఓడలో వచ్చినవాళ్లు కులం వేరైనా, భాష వేరైనా చుట్టాల్లాగ పిలుచుకునేవారు. మనిషి వయసు కూడా ఓడతోనే చెప్పేవారు. అవతలి ఒడ్డున బతికిన బతుకు లెక్కలోకి రాదు, ఇక్కడ కాలు పెట్టిన రోజునుంచే కొత్త లెక్క. అయ్య కూడా తన వయసు అలాగే చెప్పేవాడు, నెత్తిన జుట్టంతా నెరిసినా నాకు ఇరవై ఏళ్లే అనేవాడు.

అక్కని బడిలో వేసిన ఏడు, హెడ్మాస్టరుగారు పిల్ల ఎప్పటిదని అడిగితే, అయ్య ఆ అలవాటు కొద్దీ ఫలానా ఓడదండి అని చెప్పాడు. ఆ హెడ్మాస్టరుగారు గోదావరి వైపునుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఒట్టి మంచివాడు. అందరికీ జూలై ఒకటి రాసి రాసి ఆయనకి విసుగెత్తిపోయిందో ఏమో, ఒక తండ్రి ఇంత కచ్చితమైన గుర్తు చెప్పేసరికి పొంగిపోయి, ఫెర్రీ ఎక్కి చాతం వెళ్లి, ఆ ఓడ జెట్టీకి చేరిన తారీఖు ఎవరినో అడిగి మరీ తెలుసుకుని, అక్క పేరు పక్కన రాశాడట. ఓడలో పుట్టిన పిల్ల అనుకున్నాడు పాపం. ఈ దీవులకి వచ్చే ఓడల్లో పురుళ్లు కొత్తేమీ కాదు మరి. అయ్య ఈ సంగతి ఎంత గొప్పగా చెప్పుకునేవాడంటే, ఊళ్లో అందరి తేదీలూ అడ్డగోలువే, మా పెద్దదాని తేదీ ఒక్కటే పక్కా అనేవాడు. మరుసటి ఏడు ఆయన బదిలీ అయిపోయాక నన్ను బడిలో వేశారు. కొత్తగా వచ్చిన మాస్టరు దీపావళి నాడు పుట్టానని చెబితే పాత క్యాలెండరు వెతికి, ఆ ఏటి దీపావళి తారీఖు రాసుకున్నాడు. నాదీ పక్కాయే. ఓడ వచ్చిన అయిదు నెలలకి దీపావళి. ఎవరూ తప్పు చేయలేదు చూడండి. ఇద్దరు మంచి మాస్టర్లు, శ్రద్ధగా వెతికి, మా అమ్మకి అయిదు నెలల తేడాలో ఇద్దరు పిల్లల్ని పుట్టించారు.

ఆ తేదీ మూలాన అక్క ఏమి పోగొట్టుకుందో నాకు పెద్దయ్యేదాకా తెలియలేదు. ఎనిమిదేళ్ల పిల్లని అయిదేళ్లన్నారు. ఒకటో క్లాసులో అది అందరికంటే తలెత్తు పొడవు, వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. అయిదో క్లాసుకి వచ్చేసరికే పెద్దమనిషయింది. కాగితాల్లో ఇంకా తొమ్మిదేళ్లు. పక్క పిల్లలు నవ్వుతున్నారని బడి మానేసింది. నేను మాత్రం అక్క కట్టిచ్చిన అన్నం డబ్బా పట్టుకుని, అక్క దువ్విన జడలు ఊపుకుంటూ బడికి వెళ్లేదాన్ని. అమ్మ చేపల బుట్టతో బజారుకి వెళితే, నన్ను నడుమున ఎత్తుకుని తిప్పింది, నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుంది, నేను పరీక్ష తప్పితే వెటకారమాడిన వాళ్లందరితో దెబ్బలాడింది అక్కే. నేను పంతులమ్మనయ్యానంటే అది వెనక గోడ దగ్గరనుంచి లేచి వెళ్లిపోబట్టే. ఇంతకంటే ఎక్కువ రాస్తే ఏడుపొస్తుంది, వదిలేస్తాను.

మళ్లీ అసలు సంగతికి వస్తాను. అక్క కూతురూ నేనూ కలిసి మా మిడిల్ పాయింట్‌లోనే దరఖాస్తులు టైపు చేసే ఒక భయ్యా దగ్గరికి వెళ్లాం. ఆఫీసుల గుట్టంతా తెలిసిన మనిషి. నేను నా హక్కు వదులుకుంటానని రాసిస్తే సరిపోతుందేమో అన్నాను. దానివల్ల అక్క కూతురని తేలదన్నాడు. నాకు ఉద్యోగం కాగితాలున్నాయి, పెన్షనుంది, అన్నింట్లోనూ అమ్మానాన్నల పేర్లున్నాయి. అక్కకి ఉన్నదల్లా ఆ బడి తేదీ, దాన్ని చూసి ఎక్కించుకున్న రేషను కార్డూ ఆధారూ. తేదీ తప్పని రుజువు చేయాలంటే, ఆ ఓడ వచ్చేనాటికే అక్క పుట్టి ఉందని చూసినవాళ్లెవరైనా ప్రమాణం చేసి చెప్పాలి. అదీ కుదరకపోతే, "దీదీ, ఈజీ రాస్తా, సులువు దారి ఒకటుంది, మీ అక్కగారు కన్నబిడ్డ కాదు, పెంచుకున్న బిడ్డ అని రాసేద్దాం, జాగా మీ పేరుకి వచ్చేస్తుంది, తరవాత మీరు ఆవిడకి రాసిచ్చేయండి, బస్ ఖతమ్" అన్నాడు. మా ఇద్దరిలో ఒకరు ఆ తల్లి బిడ్డ కాకుండా పోతే తప్ప రెండోవాళ్లు ఆ తల్లి బిడ్డ అవరన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది. నా అక్కని నేను పరాయిదని రాయించాలా అని అతనిమీద అరిచి బయటికి వచ్చేశాను, అతను పాపం ఆ సలహాకి పైసా కూడా అడగలేదు.

అక్కకి చెబితే చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే నవ్వింది. "రాసుకోనీయే ఏదో ఒకటి. అమ్మ ఇప్పుడొచ్చి సదువుతాదేటి?" అంది. దానికి అస్సలు బాధలేదు. ఇల్లు నిలబడితే చాలు, ఎవరేం రాసుకున్నా తను అమ్మ కూతురు కాకుండా పోతుందా అన్న ధీమా. వేలిముద్ర వేయమంటే ఆ క్షణాన వేసేదే. నేనే పడనివ్వలేదు. పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోను కదా, సాక్షిని వెతుకుదాం, తేదీని దిద్దిద్దాం, నీకు రావలసిన ఏళ్లు నీకు ఇప్పిద్దాం అని పట్టుబట్టాను. అలా పట్టుబట్టకుండా ఉంటే ఎంత బావుండేది.

మా ఓడలో వచ్చినవాళ్లలో ఒక్క పెద్దమ్మ మిగిలింది. అమ్మకి ఓడ చుట్టం. ఓడలో పక్కపక్కనే పడుకున్నారట ఇద్దరూ. వాళ్లది చేపల కుటుంబం కాదు, ఫెరార్గంజ్ దగ్గర పొలం చేసుకుని స్థిరపడ్డారు. అమ్మ పోయాక మా రాకపోకలు తగ్గిపోయాయి. ఒక ఆదివారం పొద్దున్నే అక్కా నేనూ బస్సెక్కి వెళ్లాం. అక్క పసుపచ్చ చీర కట్టుకుంది, దారిపొడుగునా హుషారుగానే ఉంది, తనకి డెబ్బై దాటినట్టు ఆ బాబుగారికి రాసిచ్చి వస్తే పెద్ద ముసలమ్మ అని లేచి కుర్చీ ఇస్తాడేమో అని వేళాకోళమాడింది. బస్సులో పక్క సీటు ఆవిడతో కూడా నా చెల్లెలు పంతులమ్మ అని చెప్పుకుంది.

పెద్దమ్మ వసారాలో నులక మంచం మీద ఉంది. చూపు పోయింది, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. మనవడి భార్య టీ ఇచ్చి, మా నానీకి ఈమధ్య మాట తడబడుతోంది, కానీ పాత సంగతులు బాగా చెబుతుంది అంది. అమ్మ పేరు చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. నా చేతులు తడిమి, ఓడలో కడుపులో ఉన్నదానివి నువ్వేనా అని అడిగింది. అమ్మ పడ్డ బాధంతా చెప్పింది, నిమ్మకాయ వాసన చూపించానంది, నీళ్లు తాగించానంది. నేను మెల్లిగా, మరి మా అక్క కూడా ఉండేది కదా, మూడేళ్ల పిల్ల, అప్పటికి నడిచేది అన్నాను. "ఏ పిల్లమ్మా? పిల్ల నేదు. మీ యమ్మ ఒకత్తే, కడుపుతోటి. పక్కన ఎవులూ నేరు, అందుకే గదా నాను సూసుకున్నాను" అంది. మళ్లీ అడిగాను. ఇంకోలా అడిగాను. పిల్లని మా అయ్య ఎత్తుకుని పైన తిరుగుతుండేవాడేమో గుర్తు తెచ్చుకో పెద్దమ్మా అన్నాను. "మీ అయ్యని నాను ఓడ దిగినాక సూసినాను" అంది, అంతే. అక్క టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది, తాగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీవైపే చూస్తూ ఉంది. అది నాకు చిన్నప్పట్నుంచీ చెప్పే ముచ్చట ఒకటుంది: ఓడ మీద అయ్య తనని భుజానికి ఎత్తుకుని సముద్రం మీద ఎగిరే రెక్కల చేపలు చూపించాడని, వాటిని పట్టుకుంటానని తను ఏడిచిందని. అది గుర్తు చేశాను. నువ్వు అయ్యతో పైన ఉన్నావు, అమ్మ కింద పడి ఉంది, పెద్దమ్మ నిన్నెలా చూస్తుంది, ఇందులో అనుమానమేముంది అన్నాను. "అది నాను సూసినానో, అయ్య సెప్పినాడో నాకెలాగ తెలుత్తాది?" అంది. నీ మొహం అద్దంలో చూసుకో, అచ్చం అమ్మవే, నేనే అయ్య పోలిక అన్నాను. ఒక ఇంట్లో బతికినవాళ్లకి పోలికలు అవే వస్తాయంది. బాంబూఫ్లాట్ జెట్టీ మీద నా ఫెర్రీ కోసం నిలబడి ఉండగా అక్క, ఎవరికి చెబుతున్నట్టో, అమ్మ నన్నెప్పుడూ కొట్టలేదు, నిన్నే కొట్టేది అంది. కొట్టడానికైనా సొంతబిడ్డే కావాలని దాని లెక్క.

చూశారా, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, మనవలున్న మనిషి, తను ఎవరి బిడ్డనా అని రాత్రీ పగలూ కుమిలిపోవడం మొదలుపెట్టింది. అమ్మ మంచిమాట అన్నదీ, కోప్పడ్డదీ, పండగకి ఎవరికి ఏ రంగు పరికిణీ కుట్టించిందీ, బడి మానేస్తానంటే ఎందుకు బతిమాలలేదూ, అన్నీ తీసి తిరగేసి చూసుకుంటోంది. కన్నబిడ్డనైతే మాన్పించునా అని నన్నే అడిగింది ఒకరోజు. నాకు జవాబు తెలుసు, ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా అంతే, కానీ చెప్పినా దాని చెవికెక్కలేదు. అన్నం తినడం తగ్గించింది. చేపల కూర వండితే ఉప్పు వేయడం మరిచిపోతోందని కూతురు ఫోన్లో ఏడిచింది. అదే పిల్ల, "పిన్నీ, డీఎన్ఏ టెస్ట్ చేయించేద్దాం. మెయిన్‌ల్యాండ్ పంపించాలంట. ఏక్ బార్ మే సాఫ్‌గా తేలిపోతుంది" అంది. కుర్రది, దాని తెలివి దానిది. నేను అక్కతో అనేసరికి అది నావైపు చూసిన చూపుకి ఇంకోసారి ఆ మాటెత్తలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ ధైర్యం చాలలేదు. నాకు అనుమానం ఒక్క ఆవగింజంత కూడా లేదు, అయినా ఆ జవాబు వచ్చే కవరు మా ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు.

అక్కడితో అక్క మొండికేసింది. ఏదో ఒకటి రాసుకోనీయే అన్న మనిషే, పెంచుకున్న బిడ్డ అన్న కాగితం మీద వేలిముద్ర వేయనంటే వేయనంది. ఇల్లు పోతే పోనీ, వల కప్పుకుని జెట్టీ మీద పడుకుంటానంది. ఇదివరకు ఎందుకు ఒప్పుకుందో, ఇప్పుడెందుకు ఒప్పుకోవడం లేదో మీకు అర్థమయ్యే ఉంటుంది. అబద్ధమని గట్టిగా తెలిసినప్పుడు ఆ మాట దాన్ని అంటలేదు. ఇప్పుడు నిజమేమోనన్న భయం పట్టుకుంది. కొలతలవాళ్లు పక్క ఇంటిదాకా వచ్చేశారు, మా గోడకి ఎర్ర రంగుతో గుర్తు కూడా పెట్టారు. గడువు దగ్గర పడుతోంది, కూతురు ఒకపక్కన ఏడుస్తోంది, అక్క గుమ్మంలో కూర్చుని సముద్రం వైపు చూస్తోంది. ఆ ఇల్లు పోతే అక్క బతకదని నాకు తెలుసు, ఆ వేలిముద్ర వేసినా బతకదని తెలుసు.

నేనొక్కదాన్నే టైపు భయ్యా దగ్గరికి వెళ్లాను. క్రితంసారి అరిచినందుకు ఏమీ అనుకోవద్దన్నాను. పెంచుకున్న బిడ్డని నేను, అలా రాయండి అన్నాను. కన్నబిడ్డని కాదు, చట్టప్రకారం దత్తత కూడా జరగలేదు, ఆ జాగా మీద నాకే హక్కూ లేదు, ఒక్కగానొక్క కూతురు మా అక్క అని రాయమన్నాను. అతను టైపు చేయడం ఆపి నావైపు చూశాడు. "దీదీ, సోచ్ లో, బాగా ఆలోచించుకోండి. ఆప్ టీచర్ థే. ఇది ఝూఠ్ అని మీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నాడు. తెలుసు కాబట్టే రాయగలుగుతున్నాను భయ్యా అన్నాను. నాకు అనుమానం లేదు. అనుమానం లేనివాళ్లే కదా ఇలాంటి మాట రాసి కూడా మర్నాడు మామూలుగా అన్నం తినగలరు. జీవితమంతా పిల్లలకి అబద్ధం చెప్పొద్దని చెప్పినదాన్ని, చేతులారా ప్రమాణపత్రం మీద అబద్ధం రాయించాను. ఇందులో గొప్పేమీ లేదు, సిగ్గుగానే ఉంది, భయంగా కూడా ఉంది.

ఒక్కచోట మాత్రం అతని చెయ్యి ఆగిపోయింది. కన్నతల్లి పేరు అని ఒక గడి ఉంది. అక్కడేం రాయమంటారు దీదీ అని అడిగాడు భయ్యా. అమ్మ పేరు నోటిదాకా వచ్చింది. తెలియదని రాయండి అన్నాను. బయట ఆటోలు వస్తూ పోతూనే ఉన్నాయి, అతను ఫ్యాను తగ్గించి, మంచినీళ్లు ఇచ్చి, తలొంచుకుని కూర్చున్నాడు. సంతకం పెట్టి, కాగితం అతని చేతికిచ్చి లేచాను.

అక్కకి ఈ సంగతి తెలియదు. దాని కూతురికి తెలుసు, ఒట్టేయించుకున్నాను. మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారే గాని చదవలేరు, అక్కకి కంటి ఆపరేషనయ్యాక అక్షరాలు ఆనడం లేదు, అందుకే ఇక్కడ ఇంత ధైర్యంగా రాస్తున్నాను. మీలో ఎవరైనా బాంబూఫ్లాట్ వైపు వెళితే దానితో అనకండి, మీకు పుణ్యముంటుంది.

పోయిన నెలలో జాగా అక్క పేరుకి మారింది. కబురు తెలిసి వెళ్లేసరికి అక్క మళ్లీ మనిషిలో పడింది, వంజరం పులుసు పెట్టింది, ఉప్పూ కారమూ అన్నీ సరిపోయాయి. స్టాంపులు వేసిన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలోంచి తీసి, అయ్య పేరు పక్కన తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగింది. చూపించాను. దాని మీద వేలు పెట్టి నిమిరింది. "సూసినావా, ఆ ముసిల్దానికేటి తెలుసు! అమ్మ మనిద్దర్నీ కన్నాదని ఆపీసోల్లు కూడా ఒప్పేసుకున్నారు" అంది. అవునక్కా, ఒప్పుకున్నారు అన్నాను. నా పళ్లెంలో ఇంకో ముక్క వేసి, తినవే, చిక్కిపోయావు అంది.

సాయంత్రం ఫెర్రీలో ఒక కుర్ర తల్లి నా పక్కన కూర్చుంది, ఒళ్లో నెలల బిడ్డ. ఎప్పుడు పుట్టిందమ్మా అని అడిగితే ఫోన్ తీసి, తారీఖూ గంటా నిమిషమూ, బరువూ అన్నీ చూపించింది. బాగుంది, ఆ బిడ్డకి ఎవరూ ఓడ తారీఖు తగిలించలేరు, ఏ మాస్టరూ మూడేళ్లు మింగేయలేడు. మా కాలమే గొప్పదని నేను అనలేను, అక్క బతుకులో మూడేళ్లు పోయినది ఆ కాలంలోనే. కాకపోతే ఆ రోజుల్లో ఎప్పుడు పుట్టావని అడిగితే తెల్లమొహం వేసేవాళ్లం గాని, ఎవరికి పుట్టావని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అమ్మ చీరకొంగు పట్టుకుని పక్కన నిలబడితే చాలు, అదే రుజువు. అమ్మ పేరు తెలియదని సంతకం పెట్టి వచ్చినదాన్ని, ఆ పేరుని, అయ్య పిలిచినట్టూ పేటలోవాళ్లు పిలిచినట్టూ, చాతం వచ్చేదాకా లోలోపల అనుకుంటూనే ఉన్నాను.